సఫారీ వృత్తాంతములు - మృగయావర్ణన సంప్రదాయము

ఆంధ్రవాఙ్మయమున యాత్రాచరిత్రలకు విమర్శకుల యాదరము స్వల్పముగనే లభించినది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830-31 సంవత్సరములలో మద్రాసు నుండి కాశికి పోయివచ్చి వ్రాసిన కాశీయాత్రచరిత్ర 1838లో అచ్చుపడినది. చరిత్రకారులు దానిని మిక్కిలి వాడుకొనిరి. కాని అందలి వచనము ఎట్టిది, వ్రాసినవాని చూపు ఎట్టిది అని తరచి చూచినవారు కొలదిమంది. మూలశాఖయే ఇట్లు ఉపేక్షకు గురియైనపుడు, నేడు దానికి పుట్టుచున్న క్రొత్త చిగురు పండితుల కంటబడకపోవుట వింత కాదు.

ఆ చిగురు హైదరాబాదు నగరపు పడమటి కొసను పుట్టినది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిమ్మట మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ గ్రామములు హైటెక్ సిటీ యనియు, సైబరాబాదు అనియు పేరొందిన క్రొత్త పట్టణములో కలిసిపోయినవి. అచట ఉద్యోగములు చేయుచున్న తెలుగు యువతీయువకులలో పలువురు సెలవులకు ఆఫ్రికా ఖండమునకు పోయి, అద్దె కారును తామే నడపుకొనుచు అచటి జాతీయోద్యానములలో వన్యమృగములను చూచి వచ్చుచున్నారు. వచ్చి తాము చూచినదానిని వ్రాయుచున్నారు, మిత్రులకు ఛాయాచిత్రములు చూపుచు చెప్పుచున్నారు. ఇట్టివి మేము కొన్ని చదివితిమి, అంతకంటె ఎక్కువగా వింటిమి. ఇవి సాహిత్యమా యని అడుగువారు ఉందురు. వీరాస్వామయ్యగారి కాలమున ఆయన దినచర్యను గూర్చియు అట్లే అడిగియుందురు. సాహిత్యముగా తూచి చూచిననే కాని వీని బలిమియు లేమియు తెలియవని మా అభిప్రాయము.

ముందుగా మాటను గూర్చి కొంత చెప్పవలెను. సఫారీ యనునది స్వాహిలీ భాషాపదము. దానికి మూలము ప్రయాణార్థకమైన 'సఫర్' అను అరబ్బీ పదము. ఆ పదమే ఉర్దూ ద్వారమున హైదరాబాదు వాడుకలోనికి వచ్చి చిరకాలమైనది. చార్మినారు చెంత వృద్ధుడు 'సఫర్' అనునపుడును, మాదాపూరు యువకుడు 'సఫారీ' యనునపుడును పలుకుచున్నది ఒక్క మాటయే. తెలంగాణమున వినబడు 'సవారి' వేరు. అది పారసీకము నుండి వచ్చినది, ఎక్కిపోవుట దాని యర్థము. ఈ రెంటిని ముడిపెట్టి వ్యుత్పత్తి చెప్పుట సరికాదు. మన పూర్వపు తరమువారికి ఈ పదము అరణ్యముతో గాక అధికారులు తొడుగుకొను సఫారీ సూటుతో పరిచయమైనదనుటయు నిజమే! మాటకు సహజమైన అర్థము ప్రయాణము మాత్రమే. వేట యను అర్థము తూర్పు ఆఫ్రికాలో తుపాకులతో తిరిగిన ఐరోపావారి వలన దానికి పిమ్మట అంటుకొనినది. ఈ అంటు ఇంకను వదలలేదని ముందు చూపగలము.

సైబరాబాదు యాత్రికులు తరచుగా పోవునది దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయోద్యానము. 1898లో సాబీ నదీప్రాంతమున ఏర్పడిన రక్షితారణ్యము దానికి మొదలు. 1926లో అది జాతీయోద్యానమైనది. వైశాల్యము సుమారు 19,500 చదరపు కిలోమీటర్లు. క్షీరదములు 147 జాతులు, పక్షులు 500 జాతులకు పైగా అందు కలవని లెక్క. 1927లో మొదటి సందర్శకులు మూడు కార్లలో ప్రవేశించిరి. అనగా ఆ యుద్యానమునకు జనులు పోవుట కారుతోనే ఆరంభమైనది. రోడ్లు, బసలు, నియమములు అన్నియు కారును దృష్టియందుంచుకొని పెరిగినవి.

ఆ నియమములను కొంచెము వివరింపవలసియున్నది, ఏలయన ఈ వృత్తాంతముల రూపమునకు అవియే కారణము. తారు రోడ్డుపై గంటకు 50 కిలోమీటర్లు, కంకర రోడ్డుపై 40 కిలోమీటర్లు దాటి పోరాదు. అనుమతించిన తావులలో తప్ప కారు దిగరాదు. చేయి గాని తల గాని వెలికి చాపరాదు. చలికాలమున సాయంత్రము ఐదున్నరకు, వేసవిని ఆరున్నరకు బసల ద్వారములు మూతపడును. అంతలోగా చేరనివారు జరిమానా చెల్లింపవలెను. పక్కన దారిచూపువాడు ఉండడు. మన దేశపు పులుల అడవులలో ఈ పద్ధతి లేదు. ఇచట సందర్శకుడు అటవీశాఖ అనుమతించిన వాహనములో కూర్చుండును, మరియొకడు నడపును, మరియొకడు వ్రేలు చూపి 'అదిగో' అనును. క్రూగరున చూచువాడును, నడపువాడును, ఆగవలెనో సాగవలెనో నిర్ణయించువాడును ఒక్కడే. దక్షిణాఫ్రికాలో బండ్లు మనవలెనే రోడ్డునకు ఎడమవైపున నడచును గనుక హైదరాబాదు వానికి చేయి తడబడదు; తడబడునది చూపు. సైబరాబాదు రోడ్లపై అతడు కన్నులను వాడునది ముందరి బండిని దాటుటకు. అచట అవే కన్నులను పొదల నడుమ కదలని చెవిని పోల్చుటకు వాడవలెను.

ఇక వృత్తాంతముల సంగతి. వానిలో చాలవరకు ఒకే అచ్చున పోసినట్లుండును. జొహన్నెస్‌బర్గ్ విమానాశ్రయమున కారు తీసికొనుట, నాలుగు వందల కిలోమీటర్ల దారి, ద్వారమున పత్రములు నింపుట. లోపల మొదటి ఇంపాలా జింక కనబడగనే కేక. పదవ జింకకు మౌనము. నూరవ జింకకు విసుగు. ఆ పిమ్మట కథ అంతయు ఐదు మృగముల వెంట పరుగిడును: సింహము, చిరుతపులి, ఏనుగు, ఖడ్గమృగము, అడవిదున్న. దొరికినదానిపై ఒక్కొక్క పేరా, దొరకనిదానిపై నిట్టూర్పు. 'ఐదింట నాలుగు చూచితిమి' యనునది ఫలశ్రుతి.

ఈ ఐదింటిని ఎవరు ఏర్పరచిరి? చూచుటకు సొంపైనవని ఎవరును ఏర్పరచలేదు. కాలినడకను వేటాడుటకు మిక్కిలి కష్టమైనవి, గాయపడిన యెడల వేటగానిపై తిరుగబడునవి యని తెల్ల వేటగాండ్రు చేసికొనిన పట్టిక ఇది. అందుచేతనే జిరాఫీకి, నీటియేనుగునకు, చీతాకు ఇందు చోటు దొరకలేదు. తుపాకి పోయినది, కెమెరా వచ్చినది. పట్టిక మాత్రము చెక్కుచెదరలేదు. మన యాత్రికుడు తాను అహింసకుడననియే తలచుచున్నాడు, అది నిజము కూడ. కాని అతని కథనము వేటగాని కథనమే.

దీనికి పరదేశపు పట్టికనే నిందించి ఊరకుండుట న్యాయము కాదు. మన కావ్యములలోని మృగయావర్ణనము కూడ వారి చూపును కొంత తీర్చియుండును. దండి చెప్పిన పదునెనిమిది వర్ణనములలో మృగయ లేదు. విశ్వనాథుడు సాహిత్యదర్పణమున మహాకావ్యమునకు చెప్పిన వర్ణనములలో దానిని చేర్చెను. తెలుగు కవులకు మాత్రము అది మొదటి నుండియు ప్రీతిపాత్రము. మన ప్రబంధములందలి వేటలను వరుసగా చదివినవారికి ఒక సంగతి స్పష్టమగును. కవి మిక్కిలి శ్రద్ధతో వర్ణించునది వేటకుక్కలను, వలలను, ఉరులను, డేగలను, వేటకాండ్ర వేషభాషలను, అడవి దద్దరిల్లు కోలాహలమును. మృగము వచ్చుసరికి పేర్ల వరుస యగును. పేరుతో పాటు బాణమును తగులును. మృగము బ్రతికియుండి తనపని తాను చేసికొనుచుండగా చూచు తీరిక ఆ వర్ణనములలో మిక్కిలి అరుదు. ధూర్జటి కాళహస్తీశ్వర మాహాత్మ్యమున తిన్నని వేట కొంత మేలు. బోయపల్లె జీవనమును లోపలి నుండి ఎరిగినవాని వ్రాత అది.

వేటను ఆపవలసివచ్చినపుడు మన కవులు చేయు పని వేరొకటి కలదు: మృగముచేత మాటలాడింతురు. మనుచరిత్రమున స్వరోచి పందిని గురిచూచినపుడు లేడి యొకటి అడ్డుపడి పలుకును, విల్లు దిగును, ఆ లేడి వనదేవత యగును. భారతమున పాండురాజు లేడిజంటను కొట్టినపుడు అది మునియై శపించును. నోరు విప్పి మనుష్యభాష పలికిననే కాని మృగము కవికి పాత్ర కాలేదు. ఇది రసదృష్ట్యా లోపమని మేము అనము. కాని సఫారీ వృత్తాంతము వ్రాయువానికి ఈ యుపాయము దక్కదు. అతని ఎదుటి చిరుత మాటలాడదు, వనదేవత కాదు, అతనిని లెక్కపెట్టను కూడ లెక్కపెట్టదు. చూచుట యొక్కటియే అతని చేతనున్న పని.

అట్టి చూపునకు మన భాషలో ఆదర్శము లేకపోలేదు. అది వేటలలో గాక భక్తికావ్యమున దాగియున్నది. బమ్మెర పోతన గజేంద్రమోక్షమును తెలుగువారెల్లరు ఎరుగుదురు. మొర పద్యములు కంఠస్థము కానివారు అరుదు. ఆ మొరకు ముందున్న భాగమును, ఏనుగుల మంద గుహలు వెడలి దప్పికతో మడుగునకు నడచివచ్చు ఘట్టమును, అంత శ్రద్ధగా చదువువారు కొలదిమంది. ఆ మంద రాకను పోతన చూపిన రీతి యెట్టిది? ఏనుగులు వచ్చుచుండగా పులులు పొదరిండ్లలో దూరును, ఎలుగులు గుహలు చొచ్చును, పందులు నేలబొరియలలో దాగును, లేళ్లు దిక్కుల చివరలకు పరుగెత్తును, దున్నలు మడుగులలో దిగును, కోతులు గండశైలములపైకి ప్రాకును, పాములు పుట్టలకు పోవును, నెమళ్లు ఆకసమునకు ఎగురును.

దీనిని సంస్కృత మూలముతో పోల్చి చూడుడు. మూల భాగవతమున ఆ గజరాజు గాలి సోకినంతనే క్రూరమృగములు భయపడి పారిపోవునని పేర్ల వరుస యున్నది; లేళ్లు, చెవులపిల్లులు మొదలగు అల్పజంతువులు అతని దయవలన నిర్భయముగా తిరుగునని యున్నది. పారిపోవుట యను ఒక్క క్రియతో అక్కడ పని ముగిసినది. పోతన ఆ ఒక్క క్రియను విప్పి ఒక్కొక్క జంతువునకు దాని దాని చోటు చూపెను. పొద పులిది, పుట్ట పాముది, బొరియ పందిది. ఏనుగుల రాక వలన అడవి యెల్ల తన ఇండ్లను తానే చూపినట్లయినది. మృగమును మృగమునకు చోటైన నేలతో కలిపి చూచుట ఇదియే. గండశైలములపైకి ప్రాకు కోతులు సంస్కృతపు అరణ్యమునకు చెందినవి కావు. దక్కను పీఠభూమిలో గుండ్లు పేర్చినట్లున్న కొండలను కన్నవానికే ఆ మాట అంత సహజముగా వచ్చునని మాకు తోచుచున్నది.

క్రూగరును స్వయముగా కారు నడపుచు చూచువాడు నేర్వవలసిన విద్య సరిగా ఇదియే. సింహమును వెదకువానికి సింహము దొరకదు. ఇంపాలాల మంద మేత మాని ఒకే వైపునకు ముఖములు త్రిప్పి నిలుచుట, కోతులు చెట్ల కొనలనుండి అరచుట, రాబందులు ఒక చెట్టుపై వాలి దిగక కూర్చుండుట, నీటి యొడ్డున అన్ని జంతువులును ఒక్కసారి ప్రక్కకు తొలగుట చూచినవాడే చూచును. ఏనుగులు వచ్చినపుడు మడుగుకడ తక్కిన జంతువులు తావు విడుచుట నేటికిని అచట జరుగుచున్న సంగతి. సింహములు కూడ లేచి దారి ఇచ్చును. మొసలి మాటయు అంతియే. 2004లో క్రూగరులోని ట్రాన్స్‌పోర్ట్ డ్యామ్ మడుగు వద్ద ఒక సందర్శకుడు తీసిన ఎనిమిది నిమిషముల చలనచిత్రము లోకప్రసిద్ధమైనది. సింహములు పట్టిన అడవిదున్న దూడను నీటిలోని మొసలియు పట్టినది. సింహములు లాగి గట్టునకు తెచ్చినవి. పిమ్మట దున్నల మంద తిరిగివచ్చి దూడను విడిపించినది. హరి రాలేదు, మంద వచ్చినది. దానిని చూచిన తెలుగువాడు గజేంద్రుని తలచుకొనక పోడు. కాని మా కంటబడిన వృత్తాంతములలో ఆ తలపు ఎక్కడను కానరాదు.

మేము వినినవానిలో మిక్కిలి మేలైనది ఒక గృహిణి చెప్పినది. ఆమె కొండాపూరున ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేయుచున్నది. లోయర్ సాబీ బస నుండి స్కుకూజా బసకు సాబీ నది యొడ్డున పోవు దారిని ఒక సాయంకాలము వచ్చుచుండగా ఇంపాలాలు ఇరువది ముప్పది రోడ్డుప్రక్కన కదలక నిలిచి ఒకే పొదను చూచుచుండినవట. ఆమె ఇంజను ఆపినది. వెనుక పిల్లలు మొదట గొణిగి, పిదప ఊరకుండిరి. నలువది నిమిషములు గడచినవి. పొదలోనుండి ఏమియు రాలేదు. ద్వారము మూయు వేళ దగ్గరపడుటచే బయలుదేరవలసి వచ్చినది. జింకలు అట్లే నిలిచియున్నవి. ఆమె చెప్పినది ఇంతియే. వినినవారు 'అయితే ఏమి చూచితిరి?' అని అడిగిరి. ఆ ప్రశ్నయే ఈ ప్రక్రియ యొక్క దుస్థితి. ఆమె జింకల చెవులను, ముంగాలిని ఎత్తి దింపకుండుటను, ఒక పిల్ల తల్లి కడుపు క్రిందికి చేరుటను చెప్పినది. పొదలో దాగినది ఏమృగమైనను, దానిని చూచినవారి కంటె ఆమెయే అడవిని ఎక్కువ చూచినదని మేము నిస్సంశయముగా చెప్పగలము.

ఇంకొక లోపము కలదు. దీనిని కొంచెము కటువుగనే చెప్పవలసియున్నది. ఈ వృత్తాంతములలో మనుష్యులు లేరు. స్కుకూజా యను పేరు ప్రతివాడును పలుకును. అది 1902లో మొదటి అధికారిగా వచ్చిన స్టీవెన్‌సన్ హామిల్టన్‌కు అచటి త్సోంగా ప్రజలు పెట్టిన పేరు. 'ఊడ్చివేయువాడు' అని దానికి అర్థము చెప్పుదురు. అడవిలోని ఊళ్లను అతడు ఖాళీ చేయించెను గనుక. ఉత్తరపు కొసను లువువు, లింపొపో నదుల నడుమనున్న మకులేకే ప్రజలను 1969లో వర్ణవివక్ష ప్రభుత్వము బలవంతముగా లేవదీసి ఆ నేలను ఉద్యానమున కలిపినది. ఆ ప్రభుత్వము పోయిన పిమ్మట 1998లో వారి నేల వారికి తిరిగి చెందినది. వారు దానిని అడవిగనే ఉంచుటకు ఒప్పుకొనిరి. బసపేరును ఇంత ముచ్చటగా పలుకువారు దాని అర్థము విచారింపకపోవుట యాత్రాచరిత్రకు శోభింపదు. నల్లమల చెంచుల కథ ఎరిగిన దేశము నుండి పోయినవారికి ఈ విషయము తట్టకపోవుట మరింత చింత్యము.

సైబరాబాదునకే వత్తము. చిలుకూరు బాలాజీ ఆలయమునకు పోయి, విదేశ ప్రయాణము సిద్ధించుటకు పదునొకండు, సిద్ధించిన పిదప నూటయెనిమిది ప్రదక్షిణములు చేయుట ఈ ఉద్యోగులలో ఆచారము. ఆ దారిలోనే 1994లో ఏర్పడిన మృగవని జాతీయోద్యానము కలదు. బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ నడుమ చిరాన్ కోట చుట్టునున్న అడవి 1998లో కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయోద్యానమైనది; సైబర్ టవర్స్ తెరచినదియు ఆ యేటనే. ఇవి చిన్నవి, క్రూగరు ముందు పెరటితోటల వంటివి. అయినను నెమలి ఇచటను నెమలియే. ఆఫ్రికాలో ఇంపాలాను చూచి కేకవేసినవాడు తన కార్యాలయపు కిటికీకి కొలది దూరమున దుప్పులు మేయుచున్నవని ఎరుగడేని, ఆ కేకయందు వింతపాలెంత, ప్రీతిపాలెంత?

గచ్చిబౌలి కంచ విషయము ఇచట స్మరింపదగినది. కంచ యనగా పశువుల మేతకై విడిచిన గడ్డినేల. హైదరాబాదు విశ్వవిద్యాలయమును ఆనుకొనియున్న 400 ఎకరముల కంచలో 2025 మార్చి చివర యంత్రములతో చెట్లు తొలగించుట మొదలయినది, విద్యార్థులు అడ్డుపడిరి, ఏప్రిల్ 3వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము ఆ పనిని నిలిపివేయించినది. హక్కు ఎవరిదను వివాదము ఈ పత్రికకు సంబంధించినది కాదు. మాకు సంబంధించినది భాష. ఆ దినములలో జరిగిన వాదములను గమనించితిమి. ఒకరు దానిని 'ఖాళీ స్థలము' అనిరి, మరియొకరు 'అడవి' యనిరి, మూడవవారు 'ఊపిరితిత్తులు' అనిరి. దుప్పులు, నెమళ్లు, నక్షత్రతాబేళ్లు, పొదలు, గుండ్ల నడుమ వాననీటి కుంటలు గల ఆ నేలను ఉన్నదున్నట్లు చెప్పగల వచనము ఆ వాదములలో మాకు కానరాలేదు. ఏ పొద దేనికి ఇల్లో చెప్పిన పోతన భాష మనకు ఉండగా, మేతనేలకు, ముండ్లపొదకు, రాతికుంటకు మాటలు లేని నేటి వచనము మనది. మాట లేని చోటు ఖాళీగనే తోచును. మృగముల మొరకు మనము క్రొత్తవారము కాము: వ్యాసభారతము వనపర్వమున ద్వైతవనపు లేళ్లు ధర్మరాజునకు కలలో కనబడి, మీ వేట వలన మేము విత్తనమునకు మాత్రమే మిగిలితిమి, మరియొక వనమునకు పొండు అని వేడుకొనినవి. మరునాడు పాండవులు కామ్యకవనమునకు తరలిరి.

సఫారీ వృత్తాంతములు వ్రాయువారికి దగ్గరనే మరియొక దారి కలదు. హైదరాబాదు నుండి శ్రీశైలము పోవు రోడ్డు మన్ననూరు దాటిన పిమ్మట అమ్రాబాదు పులుల అభయారణ్యము నడుమ సాగును. రాత్రి తొమ్మిది గంటల నుండి ఉదయము ఆరు వరకు ఆ దారిని వాహనములు పోరాదు. పగటివేళ ఎవడైనను తన కారును తానే నడపుకొని పోవచ్చును. వేలమంది పోవుచున్నారు కూడ. కృష్ణకు ఆవలివైపున, ఆత్మకూరు మీదుగా, అదే నల్లమలలో 1830లో వీరాస్వామయ్యగారు బోయీలు మోయు పల్లకిలో శ్రీశైలమునకు పోయి దారిని, బసలను, నీటివసతిని వ్రాసిపెట్టిరి. క్రూగరు రోడ్డుపై నలువది నిమిషములు ఇంజను ఆపి జింకల చెవులను చూచినంత ఓపికతో మన్ననూరు దారిని చూచి వ్రాసిన తెలుగు వృత్తాంతము మాకు ఇంతవరకు దొరకలేదు.